జీనును బోర్లించి చూడండి

ఆటోనగర్‌లో మా దుకాణం పని సీట్లు. లారీ డ్రైవరు సీటు మొదలుకొని పెళ్ళికొడుకు కారు సీటు దాకా ఏదైనా సరే, రెగ్జిన్ కోసి, ఫోము అతికించి, మిషను మీద కుట్టి ఇస్తాం. అలాంటి చోటికి ఒకాయన స్కూటరు మీద కాళ్ళ మధ్య గుర్రపు జీను పెట్టుకుని వచ్చాడంటే ఆయన తప్పేమీ లేదు. ఊరంతా తిరిగాడు. చెప్పుల దుకాణం వాళ్ళు బ్యాగుల దుకాణానికి పంపారు, బ్యాగుల వాళ్ళు సోఫాల వాళ్ళ దగ్గరికి పంపారు, వాళ్ళు నా దగ్గరికి పంపారు. విజయవాడలో ఎవరికీ అంతుపట్టని వస్తువు చివరికి ఆటోనగర్‌కే చేరుతుంది.

ఇది ఎనిమిదేళ్ళ కిందటి మాట. నగర శివార్లలో నడిచే ఒక గుర్రపు స్వారీ కేంద్రం వాళ్ళ జీను అది. "పైతోలు వెలిసిపోయింది. అంచుల్లో కుట్లు ఊడాయి. కొత్తదానిలా కావాలి" అన్నాడు. కొత్తదానిలా చేయడమే కదా మా వృత్తి! గోధుమరంగు పట్టించాను, పాలిష్ పెట్టాను, ఊడిన చోటల్లా మిషను కుట్టు వేశాను. అడుగు మెత్తలు చేతికి గట్టిగా తగిలితే, ఆయన అడగకపోయినా, వాటిలో ఫోము కూడా దూర్చాను. వెనకవైపు కాస్త ఎక్కువే దూర్చాను, కూర్చునేవాళ్ళకు సుఖంగా ఉంటుందని. అద్దంలా తయారైంది. ఆయన ఫొటో తీసుకున్నాడు. నేనూ తీసుకున్నాను, రేపెవరైనా అడిగితే చూపించుకోవచ్చని.

మూడు వారాలకు ఆయనే మళ్ళీ వచ్చాడు, ఈసారి జీను లేకుండా. "ఒకసారి మా దగ్గరికి రండి" అని బండెక్కించుకుని తీసుకుపోయాడు. అక్కడి శిక్షకుడు సైన్యంలో గుర్రాలనూ కంచరగాడిదలనూ చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో పనిచేసి రిటైరైన మనిషి. నాతో ఏమీ అనకుండా ముందు గుర్రం దగ్గరికి నడిపించాడు. మూపు మీద, అంటే మెడ దిగి వీపు మొదలయ్యే ఎత్తు మీద, రూపాయి బిళ్ళంత పుండు. పసుపూ వేపనూనే కలిపి పూశారు. ఆయన జీను తెచ్చి మోకాలి మీద బోర్లించాడు. నేను దూర్చిన ఫోమును బొటనవేలితో నొక్కి చూపిస్తూ, "మేస్త్రీ గారూ, మీరు దీన్ని ఎక్కేవాడి వైపు నుంచి బాగుచేశారు. మోసేదాని వైపు నుంచి చూడలేదు" అన్నాడు.

అంత మర్యాదగా నన్ను తిట్టినవాళ్ళు ఆటోనగర్‌లో లేరు. ఇప్పటికీ జీను చేతికి వస్తే ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

నేననేది ఇది. జీనును కింది నుంచి పైకి బాగుచేసుకుంటూ రావాలి. ముందు గుర్రం వీపును తాకేవి, తర్వాత మనిషి ప్రాణాన్ని పట్టుకుని ఉండేవి, అన్నీ అయ్యాక కంటికి కనిపించేవి. మన దగ్గర జరిగేది సరిగ్గా తలకిందులు. డబ్బు కూడా ఆ వరసలోనే ఇస్తాం. పాలిష్‌కు బేరమాడనివాళ్ళు లోపలి కుట్టుకు ఆడతారు. కనిపించని పనికి కూలి అడిగితే దొంగను చూసినట్టు చూస్తారు. పైన పటారం, లోన లొటారం అని సామెత చెప్పుకునేదీ మనమే, ఆ పటారానికి అడిగినంత ఇచ్చేదీ మనమే.

ఫోము దూరిస్తే పుండెందుకు పడిందో చెప్పాలి. ఇంగ్లీషు తరహా జీను లోపల ఒక చట్రం ఉంటుంది. పలుచని బీచ్ చెక్క పొరలను అతికించి, వంచి, పొడవునా ఉక్కు పట్టీలు బిగించి చేస్తారు. ఆ చట్రం కింద, వెన్నెముకకు అటొకటి ఇటొకటి, రెండు పొడవాటి మెత్తలుంటాయి. బరువు ఆ మెత్తల మీదుగా వీపు కండల మీదికి పరుచుకోవాలి తప్ప వెన్నెముకను ఏదీ తాకకూడదు. అందుకే రెండు మెత్తల మధ్య మూడు నాలుగు వేళ్ళ వెడల్పున కాలువలా ఖాళీ వదులుతారు. నేను వెనక ఎక్కువ ఫోము పెట్టేసరికి జీను వెనకభాగం పైకి లేచింది. వెనక లేస్తే ముందు దిగుతుంది. దిగి మూపు మీద కూర్చుంది. ఎక్కినవాడికి పరుపు మీద కూర్చున్నంత సుఖంగానే ఉండి ఉంటుంది. ఆ సుఖానికి కట్నం గుర్రం చెల్లించింది.

మెత్తల్లో ఉండాల్సింది ఉన్ని. ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. గుంటూరు పత్తి పక్కన పెట్టుకుని ఉన్ని కోసం వెతకడమేమిటని మొదట దూదే నింపాను. పరుపులు కుట్టేవాళ్ళు చెప్పే మాట నిజమే, దూది చెమట పీల్చి ముద్దలు కడుతుంది, ముద్ద ఎండితే గులకరాయి. ఉన్నిపోగుకు పుట్టుకతోనే వంకీ ఉంటుంది. నలిగినా మళ్ళీ లేస్తుంది, తేమను లోపలికి తీసుకుని మెల్లగా వదులుతుంది. కోస్తాలో ఎటు చూసినా కనిపించే నెల్లూరు గొర్రెకేమో ఉన్నే ఉండదు, పొట్టి వెంట్రుక మాత్రమే. చివరికి గొంగళ్ళు నేసేవాళ్ళ దగ్గర దక్కనీ గొర్రె ఉన్ని దొరికింది. ముతకది, కడిగి ఏకడానికి రెండు రోజులు పడుతుంది. అయినా పనికొస్తుంది.

ఉన్ని నింపడం చూడటానికి తేలిక. మెత్తకున్న చిన్న చీలికలోంచి, కొసన గాటున్న పొడవాటి ఇనుప కడ్డీతో గుప్పెడు గుప్పెడుగా లోపలికి తోయాలి. ఎక్కువైతే గుండ్రాయిలా ఉబ్బుతుంది, తక్కువైతే చట్రం తగులుతుంది, రెండు వైపులా సమంగా లేకపోతే జీను ఒరుగుతుంది. నా మొదటి ప్రయత్నం వంకాయల బస్తాలా వచ్చింది.

సరిగ్గా కుదిరిందో లేదో చెప్పే పరికరం గుర్రమే. గంట స్వారీ అయ్యాక జీను దించి వీపు చూడాలి. తడి రెండు పక్కలా ఒకేలా పరుచుకుని ఉంటే మంచిదే. తడి మధ్యలో ఎక్కడైనా పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఎంత ఉందంటే చెమట కూడా బయటికి రాలేకపోయింది. దాన్ని పట్టించుకోకపోతే కొన్నాళ్ళకు పుండవుతుంది. పుండు మానినా ఆ చోట తెల్లవెంట్రుకలే మొలుస్తాయి, రంగునిచ్చే కణాలు చచ్చిపోతాయి కనుక. పెళ్ళి ఊరేగింపుల్లో ఎర్రగుర్రాల మూపు మీద తెల్లమచ్చలు చూసి పుట్టుమచ్చలనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అక్కడెవరో నాలాంటి మేస్త్రీ సంతకం పెట్టినట్టు ఉంటుంది.

ఇక రెండో వరస. పొట్ట కింద బిగించే తంగు, దాన్ని పట్టుకునే వారులు, అంటే తోలు పట్టీలు, పాదాలు పెట్టుకునే రికాబులు వేలాడే వారులు. స్వారీ చేసే మనిషి బతుకు ఈ నాలుగు తోలు ముక్కల మీద ఉంటుంది, అవేమో జీను రెక్కల కింద దాగి ఉంటాయి. జీను కొనడానికి వచ్చినవాళ్ళు రెక్క ఎత్తి చూడటం నేను ఒకటి రెండుసార్ల కంటే ఎక్కువ చూడలేదు.

తంగు వారులు ఒక్కో పక్క మూడేసి ఉంటాయి. తంగుకు రెండే బకిల్స్. మరి మూడోది ఎందుకని అడిగాను. శిక్షకుడు జీను పొట్ట విప్పి చూపించాడు. చట్రం మీదుగా అడ్డంగా రెండు నేత పట్టీలు పోతాయి. ముందు వారు ఒక్కటే మొదటి పట్టీకి కుట్టి ఉంటుంది. మిగిలిన రెండూ కలిసి రెండో పట్టీకి. అందుకని బకిల్ ఒకటి తప్పకుండా మొదటి వారుకే పెట్టాలి, రెండోది మిగతా రెంటిలో దేనికైనా పెట్టుకోవచ్చు. అప్పుడు లోపల ఒక పట్టీ తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. వెనక రెండు వారులకే బిగించినవాడు ఒకే పట్టీని నమ్ముకున్నట్టు. ఆ పట్టీ బయటికి కనిపించదు, ఎంత పాలిష్ చేసినా బాగుపడదు. దీన్ని తయారుచేసినవాడు ఎప్పుడో ఎక్కడో ఒకడు పడటం చూసి ఉంటాడు.

వారు మార్చాలా వద్దా అన్నదానికి నాకిప్పుడు మొహమాటం లేదు. మడిచి చూస్తాను. మడతలో సన్నని పగుళ్ళు కనిపిస్తే తీసేస్తాను. గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోలగా సాగి ఉంటే తీసేస్తాను. "ఇంకో ఏడాది ఆగుతుందేమో చూడండి" అంటారు. ఆగవచ్చు. అది ఆగనిరోజు నేను దుకాణంలో కూర్చుని ఉంటాను, గుర్రం మీద ఉండేది వాళ్ళ పిల్ల.

వారు మార్చడం నేర్చుకున్నది ఆటోనగర్‌లో కాదు. వన్‌టౌన్‌లో ఒక గోడవార గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర. రైల్వే స్టేషను ముందు జట్కాలు బారులు తీరి ఉండే రోజుల్లో వాటికి సామాను కుట్టేవాడట. నేను మిషను మీద కుట్టిన కొత్త వారు తీసుకెళ్ళి గర్వంగా ఆయన చేతిలో పెట్టాను. తిప్పి చూశాడు. బ్లేడుతో ఒక్క కుట్టు కోసి, రెండు పొరలనూ రెండు చేతుల్తో పట్టుకుని లాగాడు. ఒకటి, రెండు, మూడు, కుట్లు వరసగా సడలిపోతూ వచ్చాయి. ఏమీ అనలేదు. తన పక్కనున్న పాత వారు ముక్క తీసి దానికీ ఒక కుట్టు కోసి నా చేతికిచ్చాడు. నేను మెడ నరాలు బిగిసేలా లాగాను. కోసిన కుట్టు పోయింది. దాని పక్కది కదల్లేదు.

మిషను కుట్టులో పైదారం పైనే ఉంటుంది, కిందిదారం కిందే ఉంటుంది. తోలు మధ్యలో ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటాయంతే. ఒకచోట తెగితే పట్టు వదులుతుంది. తోలుకు కన్నం చేసే మొనదేలిన పనిముట్టు ఆరె. చెప్పులకు ఆయన వాడే కొక్కెం ఆరె కుట్టు కూడా దాదాపు ఆ జాతిదే. గుర్రపు సామానుకు మాత్రం కొక్కెం లేని ఆరె, ఒకే దారం, దాని రెండు కొసలకూ రెండు సూదులు. వారును రెండు బద్దల మధ్య ఇరికించి మోకాళ్ళతో అదిమి పట్టాడు. దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా మూడుసార్లు లాగాడు. ఆరెను కొంచెం వాలుగా దింపి కన్నం చేశాడు. కుడి సూది ఎడమకు, ఎడమ సూది కుడికి, రెండూ అదే కన్నంలోంచి. రెండు చేతులూ రెక్కల్లా విప్పి చురుక్కున బిగించాడు. మళ్ళీ ఆరె. ప్రతి కన్నంలోనూ దారం రెండుసార్లు పోతుంది కాబట్టి ఒకటి అరిగి తెగినా రెండోది మిగులుతుంది. అంగుళానికి ఆరేడు కుట్లు. "అందంగా ఉంటుందని దగ్గరదగ్గరగా వేయకు బాబూ, తపాలా బిళ్ళ అంచులా చిరిగి వస్తుంది" అన్నాడు.

నేర్పినందుకు ఏమివ్వమంటారని అడిగాను. "ఈ పూట నేను వేసిన కుట్లు లెక్కపెట్టు. కుట్టుకు రూపాయి" అన్నాడు. నూట నలభై రెండు వచ్చాయి. ఒక్క రూపాయి తగ్గించలేదు. నాకు ఆయన మీద గౌరవం అక్కడ ఇంకాస్త పెరిగింది.

ఇక్కడ కొంచెం చేదు మాట. జీను కోసం ఊరంతా తిరిగిన ఆ స్కూటరాయన వన్‌టౌన్‌లో అదే గోడ పక్కనుంచి రెండుసార్లు వెళ్ళాడు. తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఎండలో గొడుగు కింద కూర్చున్న మనిషి చేతిలో ఆ పని ఉంటుందని ఆయనకు తట్టలేదు. ఏసీ దుకాణంలో రంగు డబ్బాలు పెట్టుకున్న నా చేతిలో ఉంటుందనిపించింది. తోలుపని చేసేవాళ్ళను ఊరి చివరకు నెట్టి, వాళ్ళు కుట్టిన తోలు బొక్కెనతో బావిలోంచి నీళ్ళు తోడుకుని, వాళ్ళు కట్టిన డప్పు లేకుండా జాతర చేయలేని నాగరికత మనది. పని కావాలి, పనివాడు కనిపించకూడదు. జీను అడుగుభాగం లాంటివాళ్ళు వాళ్ళు అని రాయబోయి ఆగాను. వాళ్ళను దేనితోనూ పోల్చనక్కరలేదు, కూలి సరిగ్గా ఇస్తే చాలు.

తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారి పేరు మన జిల్లాల్లో చాలామందికి తెలుసు. 1985లో అట్లాంటిక్ మీద కనిష్క విమానం పేలుడులో పోయారనీ తెలుసు. ఆయన జీవితమంతా పరిశోధించింది తోలు అని చెబితే మాత్రం కొందరు ముఖం చిట్లిస్తారు. రైతు కుటుంబంలో పుట్టి, అమెరికాలో చదివివచ్చి, 1958 నుంచి 1971 వరకు మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను నడిపారు. తంగేడు పట్టతో, కరక్కాయతో తోలు ఊనడం, అంటే పచ్చితోలును కుళ్ళకుండా పదును చేయడం, మన లందల్లో, ఆ తోలు నానబెట్టే తొట్ల దగ్గర, తరతరాలుగా తెలిసిన విద్య. దాన్ని ప్రయోగశాల బల్ల మీద పెట్టి చూడటానికి సిగ్గుపడని మనిషి మన గుంటూరు జిల్లా నుంచి వెళ్ళాడు. మనం ఆ శాస్త్రవేత్తకు దండలు వేశాం, లంద దగ్గరి మనిషికి మాత్రం ఏమీ మారలేదు.

సరే, నా రెండో తప్పు. దీన్ని చెప్పకుండా దాటేయవచ్చు, కానీ మొదటిదానికంటే ఇది ప్రమాదమైనది.

రికాబు వారు వేలాడేది చట్రానికి రివెట్లు కొట్టి బిగించిన ఒక ఉక్కు కడ్డీకి. కడ్డీ వెనక కొసన చిన్న నాలుక లాంటిది ఉంటుంది, పైకి మూయవచ్చు, కిందికి తెరవవచ్చు. గుంటూరు వైపు నుంచి ఒక కుర్రాడు సొంత గుర్రం జీను తెచ్చి, "ఈ నాలుక వదులైపోయింది, వారు ఊరికే జారి ఊడుతోంది, గట్టిగా చేయించండి" అన్నాడు. ఆటోనగర్‌లో మాకు ఊడేదాన్ని అతకడం తప్ప వేరే ధర్మం తెలియదు. పక్క షెడ్డులో వెల్డింగ్ కుర్రాడితో రెండు చుక్కలు పెట్టించాను. ఇక జన్మలో ఊడదు. వెల్డింగ్ వేడికి చుట్టూ చెక్క మాడి వాసన వచ్చినా పట్టించుకోలేదు.

అదృష్టవశాత్తూ ఆ కుర్రాడు శిక్షణకు వెళ్ళేది ఆ సైన్యం పెద్దాయన దగ్గరికే. జీను చూసి ఆయన గుర్రానికి కట్టనివ్వలేదు. నాకు ఫోను చేసి ఒకటే అడిగాడు. "మనిషి పడిపోయి పాదం రికాబులో ఇరుక్కుంటే ఏం జరుగుతుంది?" నాకు జవాబు తట్టేలోపే ఆయనే చెప్పాడు. గుర్రం బెదిరి పరుగెత్తుతుంది, మనిషి తల నేల మీద ఈడ్చుకుంటూ వెళుతుంది. ఆ నాలుక తెరిచి ఉంటే వారు వెనక్కి జారి కడ్డీ నుంచి ఊడి వస్తుంది, రికాబుతో సహా మనిషి కింద మిగులుతాడు. స్వారీ చేసేటప్పుడు దాన్ని తెరిచే ఉంచాలి. అది ఊడటానికే పుట్టింది. నేను దాని పనినే వెల్డింగ్ చేసి పారేశాను.

ఆ జీను డబ్బు వాపసు ఇచ్చి నేనే ఉంచేసుకున్నాను. ఇప్పటికీ దుకాణంలో మేకుకు వేలాడుతూ ఉంటుంది, ఎవరైనా "బాగుంది, ఎంతకిస్తారు" అని అడుగుతుంటారు.

ఈ అనుభవాల వల్ల పాత వస్తువుల పునరుద్ధరణ అనే మాట వినపడితే నాకు కొంచెం అనుమానం. వస్తువు దేనికోసం ఉందో తెలియకుండా దాన్ని మునుపటిలా చేస్తామంటే, మనం చేసేది మునుపటి రూపాన్ని మాత్రమే. చట్రం విరిగిన జీనులు కూడా తెస్తారు. ముందు కొమ్మును పొట్టకు ఆనించి, వెనక అంచును రెండు చేతులా నా వైపు లాగుతాను. మధ్యలో కిర్రుమని, కూర్చునే తోలు ముడతలు పడితే చట్రం పోయినట్టే. అటువంటిదాన్ని గుర్రం మీద వేయడానికి బాగుచేయను. గోడకు పెట్టుకుంటామంటే సంతోషంగా తీసుకుంటాను, రంగేసి, పాలిష్ పెట్టి, ఇత్తడి మేకులు కొట్టి ఇస్తాను. గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్టే అయినా, గోడకు పుండు పడదు.

కొత్తది కొనుక్కుంటే పోదా అనేవాళ్ళున్నారు. కాన్పూరులో బ్రిటిషు సైన్యానికి గుర్రపు సామాను చేయడానికి 1860ల్లో పెట్టిన ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన పనితనం ఇంకా ఉంది, మంచివి దొరుకుతాయి. చవకవీ దొరుకుతాయి. చవకదాన్ని విప్పి చూస్తే కుట్టు ఉండాల్సిన చోట స్టేపులర్ పిన్నులు, జిగురు. అటువంటి కొత్తదానికంటే ముప్పై ఏళ్ళ మంచి జీనుకు వారులు మార్చుకోవడం మేలు. సింథటిక్ జీనులంటే నాకు పేచీ లేదు. నీళ్ళతో కడుక్కోవచ్చు, బూజు పట్టవు. కుళ్ళిన తోలు తంగు కంటే మంచి నైలాను తంగు వెయ్యి రెట్లు నయం. తోలు మీద ప్రేమ ఉందని ఎవరి పిల్లలనూ ప్రమాదంలో పెట్టలేం కదా.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయినప్పుడు, అక్కడ పెళ్ళి గుర్రాలు నడిపే ఒకాయన గుర్రాన్ని ముందే మిట్టకు తోలుకుపోయాడు కానీ సామాను వదిలేశాడు. నీళ్ళు తీశాక అంతా ప్లాస్టిక్ సంచిలో కట్టి, వారం ఆగి తెచ్చాడు. మూతి విప్పితే లోపల పచ్చగా, తెల్లగా, బూజు పూలతోట. బురద తోలు మీద ఎండి పెంకు కట్టింది. ఇంకొన్నిటిని త్వరగా ఆరాలని ఎండలో పెట్టాడట, అవి అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. తడి తోలుకు వేడి తగిలితే లోపలి పోగులు ముడుచుకుపోతాయి, మళ్ళీ విప్పడం ఎవరి తరమూ కాదు. బురద పట్టినదాన్ని మంచినీళ్ళతో కడిగి, నీడలో, గాలి ఆడే చోట మెల్లగా ఆరనివ్వాలి. సర్ఫ్ తగలకూడదు. తోలు స్వభావం పులుపు, సబ్బుది క్షారం, రెంటికీ పడదు.

ఆయన సామానులో ప్రతి ఇనుప బకిల్ చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మరకలు. గీకి తీసేయమన్నాడు. అది మురికి కాదు. చెట్ల పట్టతో ఊనిన తోలులో ఉండే వగరుకు ఇనుప తుప్పు తగిలితే నలుపు పుడుతుంది. పెడనలో కలంకారీ వాళ్ళు గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన రసంతో నల్లగీత అద్దేది ఈ కిటుకుతోనే. వాళ్ళ నలుపు ఉతికితే పోదు, ఇదీ పోదు. గట్టి మందులు పెట్టి తీయాలని చూస్తే మరకతో పాటు తోలూ పోతుంది. మరకను వదిలేసి బకిల్ మార్చమన్నాను. మరక బరువు మోయదు.

నూనె గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. కిర్రు చెప్పులకు ఆముదం పట్టించిన జాతి మనది, తోలుకు ఆముదం పడదని నేననను. ఆవు కాళ్ళ ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె ఇంకా మంచిది. ఏదైనా పలుచగా, లోపలి గరుకువైపు నుంచి, గుడ్డతో. డబ్బాలో నానబెడితే పోగులు వదులై వారు సాగుతుంది, కుట్టుదారం కుళ్ళుతుంది. నూనె కంటే ముందు రోజూ చెమట తుడవడం ముఖ్యం. గుర్రం చెమటలో ఉప్పు ఎక్కువ, లాథరిన్ అనే ప్రోటీను ఉండటంవల్ల సబ్బులా నురుగు కూడా కడుతుంది. ఆ నురుగు తంగు కింద ఎండిపోయి ఉప్పుగరకలా మారి, తోలునూ గుర్రం పొట్టనూ ఒకేసారి కోస్తుంది. తడిగుడ్డతో రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు పెట్టేవాళ్ళకు నా అవసరం చాలా తక్కువ.

పెళ్ళి గుర్రం ఆయన జీనుకు పనంతా చేశాను. లోపల కుళ్ళిన దూది తీసి ఉన్ని నింపాను, వారులన్నీ కొత్తవి, చేతికుట్టు. పైన మఖమలు గుడ్డ మాత్రం పాతదే, ఉతికి వేశాను. వచ్చి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఇంత డబ్బు తీసుకుని అలాగే ఇచ్చారేమిటండీ? జరీ అంచు కొత్తది వేస్తారనుకున్నాను." బోర్లించి చూపించాను. చూశాడు, కానీ ఆయన కళ్ళు జరీ మీదే ఉన్నాయి. పోట్లాడే ఓపిక లేక జరీ అంచు కూడా వేసి ఇచ్చాను, మిషను మీదే, పావుగంటలో. దానికి అడక్కుండానే డబ్బులిచ్చాడు.

మాఘమాసంలో మొదటి ఊరేగింపు అయిన మర్నాడు ఉదయమే వాళ్ళ పాక దగ్గరికి వెళ్ళాను. గుర్రాన్ని కాసేపు తిప్పించి జీను దించమన్నాను. తడి బాగానే పరుచుకుంది. మూపు మీద ఏమీ లేదు. ఎడమవైపు, వీపు నడుమకు కొంచెం వెనకగా, నా అరచేయంత పొడి మచ్చ ఉంది. చేయి పెట్టి నొక్కితే గుర్రం చర్మం జలదరించింది. జీను బండి మీద వేసుకుని దుకాణానికి తెచ్చి, ఎడమ మెత్త చీలిక విప్పాను.